ఐదేళ్ళకు మాట్లాడిన నా కొడుకు

కోటప్పకొండ త్రికోటేశ్వరుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

నన్నెరిగిన వాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. నరసరావుపేట బస్టాండు వెనక టీకొట్టులో నా మాటల్లో సగం తీసేసి మిగతా సగం వినడం అందరికీ అలవాటు. మాచర్ల దగ్గర ఒక కోతి నా చేతిలోంచి అంగీకార పత్రాలు లాక్కుని చెట్టెక్కిందనీ, కిందికి విసిరేసేటప్పటికి ఒకదాని మీద వేలిముద్ర పడి ఉందనీ ఒకసారి చెప్పాను. కోతి నిజం. చెట్టు నిజం. వేలిముద్ర సంగతి మీ ఇష్టం. కానీ టీకొట్టులో చెప్పిన మాట గ్లాసు కడిగేసరికి పోతుంది, కాగితం మీద పెట్టింది పోదు. అందుకే ముందుగా ఒట్టు వేసుకున్నాను.

ఇరవై ఏళ్ళకు పైగా నేను చేసిన పని పేరు ఫీల్డ్ సూపర్‌వైజర్. ఆటిజం, మాట ఆలస్యం, బుద్ధి ఎదుగుదలలో లోపం, ఇట్లాంటి వాటి మీద పరిశోధన చేసే ప్రాజెక్టుల కోసం పల్నాడు ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి. పిల్లల్ని వెతకడం, తల్లుల్ని ప్రశ్నలడగడం, సంతకాలు పెట్టించడం, రక్తం తీసే వాళ్ళను వెంటబెట్టుకెళ్ళడం నా పని. నిధులున్నంత కాలం ఉద్యోగం, అయిపోతే ఇల్లు. యాభై ఆరేళ్ళకే రిటైరయ్యానంటే వయసైపోయి కాదు. ఆఖరి ప్రాజెక్టు రిటైరైంది, దాని వెనకే నేనూ ఇంటికొచ్చాను.

ఈ మధ్య సైకాలజీ, సోషల్ వర్క్ చదివిన పిల్లలు ఫోన్ చేసి ఈ రంగంలో అవకాశాలు ఎట్లా ఉన్నాయని అడుగుతున్నారు. ఉన్నాయి, ఇదివరకటి కంటే ఎక్కువే ఉన్నాయి. నేను చేరినప్పుడు ఆటిజం అనే మాట నరసరావుపేటలో డాక్టర్లకు తప్ప ఎవరికీ తెలియదు, ఇప్పుడు టీకొట్టువాడికీ తెలుసు. నిధులిచ్చే వాళ్ళు పెరిగారు. ఏ ప్రకటన ఎప్పుడు పడుతుందో, దరఖాస్తు ఎట్లా నింపాలో మీకు ఫోన్‌లోనే దొరుకుతుంది. అక్కడ దొరకనిది రాస్తాను.

మిరపకోతల్లో వచ్చే నిధులు

ప్రాజెక్టు మంజూరైందన్న కబురు వానల్లో వస్తుంది. నిధులు మాత్రం పుష్యమాసం చలిలో వస్తాయి. వాటితోపాటే, మార్చి ఆఖరుకల్లా సర్వే ముగించాలని తాఖీదు కూడా వస్తుంది. నేను చేసిన ప్రతి ప్రాజెక్టులోనూ ఇదే వరస. ఢిల్లీలోనో మరెక్కడో కూర్చుని ఆ గడువు పెట్టినవాళ్ళకు ఆ నెలల్లో పల్నాడులో మిరపకాయ కోస్తారని తెలియదు.

మిరపకోతలంటే తల్లి తెల్లవారుజామునే చేలో ఉంటుంది. ఇంట్లో ఉండేది నానమ్మ. నేను వెళ్ళి అడిగేది ఆమెను.

"పిలిస్తే పలుకుతాడా పెద్దమ్మా?"

"పలక్కేం నాయనా, వాడికేం, బంగారం."

"మీ కళ్ళల్లోకి చూస్తాడా?"

"ఎందుకు చూడడు? తాత పోలిక. ఊరంతా చూస్తాడు."

ఆ జవాబులు నాకు చెప్పినవి కావు. గోడవతల బట్టలారేస్తూ వింటున్న పక్కింటావిడకు చెప్పినవి. ఆ ఇంట్లో పెళ్ళికెదిగిన మేనత్త ఉంటుంది. మనవడికి ఏదో ఉందన్న మాట గోడ దాటితే సంబంధం తప్పిపోతుంది. నేను నానమ్మ చెప్పినట్టే గళ్ళు నింపాను. కాగితం మీద పల్నాడు పిల్లలందరూ నిక్షేపంగా ఉన్నారు.

రెండేళ్ళు అట్లా తప్పు రాసిన తర్వాత ఈపూరు మండలంలో మాతో తిరిగే ఆశా కార్యకర్త మస్తానమ్మ నాకు పని నేర్పింది. "ఇళ్ళమ్మట ఏం తిరుగుతావన్నా, అన్నాలేళకి చేలోకి పోదాం పా" అంది. వెళ్ళాం. గట్టు మీద క్యారేజీ విప్పుకుని, ఘాటుకు మండుతున్న చేతులు మజ్జిగలో కడుక్కుంటూ తల్లులు నిజం చెప్పారు. అడగనివి కూడా చెప్పారు. చేలో గోడలుండవు. చేరబోయే వాళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఇదే. ప్రశ్నాపత్రం ఎంత మంచిదైనా కానివ్వండి, ఎక్కడ నిలబడి అడుగుతున్నారన్నది దానికంటే ముఖ్యం.

ప్రభల వారం

మా ప్రాజెక్టు పెద్ద డాక్టర్ సుభద్ర గారు, గుంటూరులో ఉండేవారు. నా జీవితంలో భయపడిన మనుషులు ఇద్దరు. ఒకరు మా నాన్న, ఇంకొకరు ఈవిడ. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచలేదు.

ఒక ఏడాది శివరాత్రికి ముందు వారం ఒక ఊళ్ళో సర్వే చేశాను. ఊరి నడుమ కోటప్పకొండ తిరునాళ్ళకు తీసుకెళ్ళే ప్రభ, తాటిచెట్టంత ఎత్తు అలంకారపు చట్రం, కడుతున్నారు. పొద్దున్నుంచీ మైకులే. ప్రశ్నల్లో ఒకటి, పెద్ద శబ్దాలకు పిల్లలు చెవులు మూసుకుంటారా అని. అందరూ మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తారా అన్నది ఇంకొకటి. ఎవరూ చూడలేదు, ఎందుకంటే నా పిలుపు నాకే వినపడలేదు. కళ్ళతో చూసింది చూసినట్టు రాశాను.

మూడో రోజు డాక్టర్ గారు ఫోన్ చేశారు.

"సుబ్బారావు గారూ, ఈ ఊళ్ళో ఒక్క బిడ్డ కూడా మామూలుగా లేదా?"

"ఊరే మామూలుగా లేదు మేడమ్. ప్రభ కడుతున్నారు."

"అన్నీ చింపేయండి, మళ్ళీ చేద్దాం" అన్నారు. మళ్ళీ చేయడానికి ప్రాజెక్టులో ఏర్పాటు లేదు. శివరాత్రి దాటాక రెండు ఆదివారాలు ఆవిడే బస్సులో వచ్చి, నా పక్కన చాప మీద కూర్చుని, ఊరంతా మళ్ళీ రాయించారు. ఆవిడకంటే ముందు నేను పనిచేసిన ఒక పెద్దమనిషైతే ఆ కాగితాలు చూసి పండగ చేసుకునేవాడు. అంతమంది దొరికారని చూపిస్తే వచ్చే ప్రాజెక్టు ఖాయం. మీకు బాసు దొరికినప్పుడు ఆయన చదువు చూడకండి. తప్పు లెక్క చేతికొచ్చినప్పుడు చింపుతాడా దాస్తాడా చూడండి.

అడిగితే ఏమిస్తారు

కొత్త ప్రాజెక్టుకు దరఖాస్తు రాసేటప్పుడు సుభద్ర గారు నన్ను గుంటూరు పిలిపించి అడిగారు. "మీరు ఊళ్ళు చూసిన మనిషి. ఈ పిల్లలకు నిజంగా పనికొచ్చేది ఏంటో చెప్పండి."

"ఆటో మేడమ్."

"ఆటోనా?"

"ఈపూరు వైపు ఊళ్ళ నించి పేటకి, వారానికి రెండుసార్లు. తల్లీబిడ్డా వచ్చి, నేర్పించే మనిషి దగ్గర గంటసేపు కూర్చుని, తిరిగి ఇంటికి పోవాలి. రెండు బస్సులు మారి, కేకలేసే బిడ్డని ఎత్తుకుని, జనం చూపులు భరిస్తా ఎవరూ రారు."

ఆవిడ నవ్వారు. నవ్వి, రాసుకున్నారు. దరఖాస్తులో దాన్ని గౌరవంగా ఉండే మాటల్లో పెట్టారు. పరిశీలించిన కమిటీ వాళ్ళు రక్తపరీక్షకు ఒప్పుకున్నారు, నమూనాలు దాచే యంత్రానికి ఒప్పుకున్నారు, ఆటో కొట్టేశారు. ఆఖరి ఏడాది మాత్రం పేటలో పిల్లలకు నేర్పే గది ఒకటి నడుపుకోవచ్చన్నారు.

"యంత్రం అడిగితే ఇస్తారు సుబ్బారావు గారూ, ఆటో అడిగితే ఇవ్వరు" అన్నారావిడ. నాకు తెలిసిన పరిశోధన శాస్త్రం అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. రక్తం వల్ల మేలు లేదని నేననను. ఎప్పటికో, ఎవరి బిడ్డకో ఉంటుంది. కానీ రక్తం ఇచ్చిన బిడ్డ ఇంటికి రెండోసారి వెళ్ళడానికి నిధులిచ్చిన వాళ్ళను నేను చూడలేదు.

నా కొడుకు

ఇప్పుడు నేను చేసిన తప్పు.

ఈపూరు మండలంలోనే ఒక ఊరు. కోటేశ్వరి అనే అమ్మాయి, ఇంటర్ చదివింది, ఇరవై మూడేళ్ళుంటాయి. భర్త పిడుగురాళ్ళలో సున్నం బట్టీ పనికి వెళ్తాడు. కూతురు లహరికి మూడేళ్ళు నిండలేదు. పిలిస్తే తిరగదు, మాట లేదు, గిన్నె మూత బొంగరంలా తిప్పుకుంటూ పూటంతా కూర్చుంటుంది. మూత తీస్తే ఊపిరాడనట్టు ఏడుస్తుంది. మస్తానమ్మ నా వంక చూసింది. ఇద్దరికీ అర్థమైంది.

అంగీకార పత్రం చదివాను. కోటేశ్వరి శ్రద్ధగా విని అడిగింది. "రక్తం తీస్తన్నారు గదా సార్, మా పాపకి దాంతో ఏం తెలుస్తది?"

నిజమైన జవాబు ఏమిటంటే, మీ పాపకు ఏమీ తెలియదు. ఆ మాట అంటే సంతకం పోతుంది. గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడిన అత్తగారు అప్పటికే "ఎందుకే ఇయ్యన్నీ, పంపిచ్చెయ్" అంటోంది. నాకు జవాబు లేనప్పుడు కథ వస్తుంది. వచ్చింది.

"మా అబ్బాయి కూడా అచ్చం ఇంతేనమ్మా. ఐదేళ్ళ దాకా ఒక్క ముక్క మాట్లాడలా. ఇప్పుడు బెజవాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నోరు మూయించలేక మేం చస్తన్నాం."

అత్తగారు నవ్వింది. కోటేశ్వరి నవ్వింది. మంచినీళ్ళొచ్చాయి, సంతకమొచ్చింది, రక్తమొచ్చింది.

నాకు కొడుకు లేడు. ఇద్దరూ కూతుళ్ళే, ఇద్దరూ ఏడాది నిండగానే మాట్లాడారు. తిరిగొస్తుంటే బండి మీద వెనక కూర్చున్న మస్తానమ్మ అంది.

"నీకు మగపిల్లోడు ఎప్పుడు పుట్టాడన్నా?"

"కథేగా మస్తానమ్మా. వాళ్ళకి ధైర్యం రావద్దూ?"

"ధైర్యం వచ్చిద్దిలే. అది ఏం చేసిద్దో చూడాల."

ఆ కథ బాగా నడిచింది. చాలా గడపల్లో చెప్పాను. ప్రాజెక్టు సాగేకొద్దీ నా కొడుక్కు చదువు పూర్తయింది, బెంగుళూరులో ఉద్యోగం కూడా వచ్చింది.

ఆఖరి ఏడాది పేటలో గది తెరిచారు. ఒక ఆసుపత్రి మేడ మీద, రెండు చాపలు, కొన్ని బొమ్మలు, నేర్పించే ఒక అమ్మాయి. బిడ్డ ఎత్తులో కూర్చోవడం, బిడ్డ ఆడే ఆటలోకే వెళ్ళడం, అడిగేదాకా ఆగడం, వేలెత్తి చూపినా చాలు అందుకోవడం, ఇట్లాంటివి తల్లులకు నేర్పేది. చూడటానికి ఆటలా ఉంటుంది. మొదటి నెలలో ఏడ్చుకుంటూ వచ్చిన తల్లులు నాలుగో నెలలో నవ్వుకుంటూ మెట్లు దిగడం నేను చూశాను.

లహరి పేరు జాబితాలో ఉంది. ఫోన్ చేశాను. అత్తగారు ఎత్తింది.

"ఐదేళ్ళు రానీయండి సారూ, ఇప్పట్నించీ ఎందుకు? మీ వోడికి రాలా? మా పిల్లకీ వస్తయ్."

నేను ఫోన్ పెట్టేసి, లహరి పేరు ఎదురుగా ఉన్న గడిలో "రావడానికి ఇష్టపడలేదు" అని రాశాను. అబద్ధం ఒక తప్పు. ఈ గడి నింపడం రెండోది, అదే పెద్దది. ఎందుకంటే ఆ పూట నాకు అర్థమైంది. అర్థమై కూడా రాశాను. మరుసటి రోజు బండెక్కి ఆ ఊరు వెళ్ళి ఉండొచ్చు. వెళ్ళలేదు.

మార్చిలో గది మూసేశారు. కొనసాగించమని పెట్టిన దరఖాస్తుకు మర్యాదగా జవాబొచ్చింది. ఇప్పుడు ప్రాధాన్యాలు వేరట. పిల్లల వీడియో చూసి ఆటిజం ఉందో లేదో చెప్పే ఫోన్ యాప్‌కు నిధులున్నాయట. సుభద్ర గారు పదవీ విరమణ చేశారు. నేర్పించే అమ్మాయి హైదరాబాదు వెళ్ళిపోయింది. నేను యాప్ ప్రాజెక్టులో చేరాను.

పాత చీర పేలిక

యాప్‌కు నేర్పాలంటే పాత సర్వేలో దొరికిన పిల్లల వీడియోలు కావాలి. జాబితాలో లహరి ఉంది. మళ్ళీ మిరపకోతలు. మస్తానమ్మా నేనూ అన్నాల వేళకు చేలోకి వెళ్ళాం.

గట్టు మీద తుమ్మచెట్టు మొదట్లో లహరి కూర్చుని ఉంది, చేతిలో గిన్నె మూత. ఎదిగింది, చక్కని పిల్ల. కాలికి పాత చీర పేలిక, దాని రెండో కొస చెట్టుకు. చర్మం ఒరుసుకోకుండా ముడి కింద దూది పెట్టి ఉంది. చేను పక్కనే సాగర్ కాలవ. కోటేశ్వరి నా చూపు గమనించింది.

"వదిలితే నీళ్ళ దిక్కే పోద్ది సార్. రెండుసార్లు పోయింది. మా అత్త మోకాళ్ళు పట్టేసినయ్, ఎనకమాల ఉరకలేదు."

ట్యాబ్ తీశాను. నేను అడగకముందే, వీడియోలో కనపడకూడదని కాబోలు, ఆమె వంగి పేలిక విప్పింది. వీడియో తీసినంతసేపూ పిల్ల రెక్క పట్టుకుని నిలబడింది. అయిపోయాక అడిగింది.

"సార్, మీ అబ్బాయికి మాటలు ఐదు పడంగానే వచ్చినయ్యా, ఐదు నిండినాకా?"

నేను ట్యాబ్ వంక చూశాను.

"పాపకి ఐదు నిండి నాలుగు నెల్లయింది. అందుకని అడుగుతన్నా."

అప్పుడు నేను నిజం చెప్పాను. నాకు కొడుకు లేడని, సంతకం కోసం అల్లానని. కోటేశ్వరి ఒళ్ళో ఉన్న మిరపకాయలు దోసెడు నా మొహాన కొట్టింది. "మూడేళ్ళు సార్, రోజూ లెక్క పెట్టుకున్నా" అంది. తిట్టింది. మా నాన్న కూడా తిట్టనన్ని తిట్లు. తలొంచుకుని పడ్డాను. పై సోమవారమే పాపను తీసుకుని గుంటూరు వచ్చింది. సుభద్ర గారు ఆదివారాలు ఇంట్లోనే ఇద్దరినీ కూర్చోబెట్టుకుని నేర్పారు. ఇప్పుడు లహరికి దాహమైతే గ్లాసు తెచ్చి అమ్మ చేతిలో పెడుతుంది. కాబట్టి ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెప్పేదేమంటే, ఎంత ఆలస్యమైనా నిజం చెప్పండి. జనం తిడతారు, తిట్టి క్షమిస్తారు.

మస్తానమ్మ అడిగింది

ఇంతవరకు రాసి, ఊళ్ళ సంగతుల్లో తప్పులుంటే చెబుతుందని మస్తానమ్మ ఇంటికి తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఆమె చేటలో బియ్యం ఏరుకుంటూ వింది. కోతి దగ్గర నవ్వింది. ప్రభల దగ్గర, "నేనూ చెవులు మూసుకున్నా, నా పేరు రాయలా?" అంది. చివరిదాకా విని, ఒక రాయి తీసి అవతల పారేసింది.

"ఈ నిజం ఎప్పుడు చెప్పావన్నా? నేను నీ పక్కనే ఉన్నా గదా."

నేను కాగితాలు సర్దుకున్నాను.

"మిరపకాయలు ఎప్పుడు కొట్టింది?"

కొండ మీద ఒట్టు వేశాను గనక, జరిగింది కూడా రాస్తాను. చీర పేలిక దాకా అంతా నిజం. కోటేశ్వరి అడిగిన ప్రశ్న, ఆ నాలుగు నెలలు, అక్షరం అక్షరం నిజం. దాని తర్వాతది నేను కల్పించాను.

ఆమె అడిగినప్పుడు నేను ట్యాబ్ వంక చూస్తున్నాను. వీడియో ఇంకా వెళ్ళలేదు, తెర మీద చక్రం తిరుగుతోంది. దాన్నే చూస్తూ అన్నాను.

"ఒక్కోరికి ఆరు కూడా పడతదమ్మా."

ఆమె తలాడించింది. చెంబులోంచి నాకూ మస్తానమ్మకూ మజ్జిగ పోసింది. "మీ అబ్బాయి బాగున్నాడా సార్?" అని అడిగింది. బాగున్నాడని చెప్పాను. ఆమె దూది సరిగ్గా పెట్టి, పేలిక మళ్ళీ కట్టి, కోతలోకి వెళ్ళింది.

గుంటూరు లేదు. ఆదివారాలు లేవు. ఆ ఊరికి నేను మళ్ళీ వెళ్ళలేదు. గ్లాసు తెచ్చి అమ్మ చేతిలో పెట్టిన పిల్ల ఉన్న మాట నిజమే. ఆ పిల్ల లహరి కాదు, పేట గదికి వచ్చిన వేరే తల్లి కూతురు. తిడితే పడ్డానని రాసుకున్నాను కానీ, నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టే అవకాశం ఆమెకు నేనివ్వలేదు.

"మరి కొట్టేస్తావా ఆ ముక్క?" అంది మస్తానమ్మ.

"ఉంచుతా. నేనెట్టాంటోడినో తెలియాలిగా చేరే పిల్లలకి."

"ఉంచు. అచ్చయినాక నాకొకటి ఇయ్యి, కోటేశ్వరికి తీస్కపోతా. ఇంటర్ చదివింది, చదువుకుంటది."

గది మూసిందెవరని అడిగితే కమిటీ అని చెప్పగలను. లహరి ఆ గదిలోకి రాకుండా ఆపింది కమిటీ కాదు.

కోటేశ్వరీ, నాకు కొడుకు లేడమ్మా. ఐదుకూ ఆరుకూ ఏ లెక్కా లేదు. లహరికి ఇప్పుడు ఏడు. నిన్న సుభద్ర గారికి ఫోన్ చేసి, అంతా చెప్పి అడిగాను. ఏడేళ్ళకైనా నేర్పించవచ్చు, ముందు బిడ్డను తీసుకురమ్మనండి అన్నారు. ఈ మాట నాది కాదు. నమ్ము.